తల ఊపితే చాలు

శనివారం పొద్దు వాలేసరికి ప్రార్థన గుడి అలికి పెట్టడం గోవిందమ్మ పని. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఉపదేశి పెళ్లాంగా ఆ ఊళ్లో కాలు పెట్టిన వారం, నేల పెచ్చులు లేచి ఉంటే చూడలేక ఒకసారి అలికింది. ఆనాటి నుంచి అది ఆమెదే అయిపోయింది. వాడలో పేడ ఎత్తుకొచ్చి, చెరువు నుంచి కడవతో నీళ్లు మోసి, ఎర్రమట్టి కలిపి, ముందున్న గద్దె దగ్గర మొదలుపెట్టి మోకాళ్ల మీద వెనక్కి జరుగుతూ గడప దాకా అలికేది. గద్దె కూడా మట్టిదే. ఎలుకలు తవ్వినచోట మట్టిముద్దలు కుక్కి, అరచేత్తో నున్నగా రాసి అంచులు దిద్దేది. తెల్లవారితే ఆ గద్దె మీద నిలబడి ఆమె మొగుడు వాక్యం చెబుతాడు. ఊరి ఆడవాళ్లు దానిమీద కాలు పెట్టకూడదు. వాళ్ల నోళ్లు గుడిలో పాటకే తెరుచుకోవాలి. శనివారం తన చేతులకు లేని అంటు ఆదివారం తన కాళ్లకు ఎక్కడి నుంచి వస్తుందని గోవిందమ్మ ఏనాడూ అడగలేదు. అడగాలని తోచేంత తీరిక కూడా ఆమెకు ఉండేది కాదు.

ఊరు తిరుమలగిరికి ఒక పూట నడక. పెద్ద యుద్ధం ముగిసిన ఏడు అది. మొగుడి పేరు తీతు; బాప్తిస్మానికి ముందు గురవయ్య. ఇద్దరూ మిషను బోర్డింగులోనే చదువుకున్నారు, ఇద్దరూ అవే వాక్యాలు బట్టీపట్టారు. అతను ఉపదేశి అయ్యాడు. ఆమె బైబిలమ్మ అయింది. చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లను అరుగుల మీద కూర్చోబెట్టి పాట, ప్రార్థన, నాలుగక్షరాలు నేర్పడం, కాన్పు వస్తే పోవడం, జ్వరం వస్తే కషాయం కాచివ్వడం ఆమె వంతు. మొగుడికి జీతం ఉన్నప్పుడు పెళ్లాం చేసేది సేవ అవుతుంది గానీ కొలువు కాదని మిషను పెద్దలు కొన్నాళ్లకు ఆమె జీతం ఆపేశారు. పని ఆపమని మాత్రం ఎవరూ అనలేదు. వాడలో ఆడవాళ్లు మొగుణ్ణి "నువ్వు" అంటారు. బోర్డింగులో "మీరు" అనడం నేర్పి పంపారు కాబట్టి ఆమె "మీరు" అంటుంది. అత్త బతికున్నన్నాళ్లు ఆమెకు ఒకటే చెప్పేది: "ఉపదేశి పెండ్లామంటే గుడిగంట లెక్కుండాలె బిడ్డా. గుంజినప్పుడే మోగాలె."

ఆ శనివారం తీతు కిటికీ దగ్గర కూర్చుని రేపటి ప్రసంగం చూసుకుంటున్నాడు. "ఏమే, గా బాయి కాడి ఆడామె మాట ఎవ్వరి సువార్తల ఉన్నది?" అని అడిగాడు. పేడచేతులతోనే ఆమె "యోహానుల" అంది. "ఊఁ" అని ఆకులు తిప్పుకుని, కాసేపటికి సంఘం పెద్ద ఎల్లస్వామి రమ్మన్నాడని లేచి వెళ్లాడు. అతను వెళ్లడం చూసుకునే వచ్చినట్టు మారెమ్మ గడప బయట నిలబడింది.

మారెమ్మ ఆ ఎల్లస్వామి కోడలే. మొగుడు సైదులు మట్టిపని గుంపుతో బొంబాయి పోయి ఏడాది దాటింది. ఆమెకు ఇప్పుడు కడుపు కనబడుతోంది.

"రేపు నన్ను సంగం ముంగట నిలబెడ్తరట గదమ్మా?"

"నిలబెడ్తమంటున్నరు."

"మాట్లాడనిస్తరా నన్ను?"

గోవిందమ్మ అలుకుగుడ్డ కుండలో పడేసి దగ్గరికి వచ్చింది. మారెమ్మ తలెత్తలేదు. చెప్పదలచుకున్నది నేలకు చెబుతున్నట్టు చెప్పింది.

"దొర గడీల వడ్లు దంచేటందుకు మా ఇంటి వెట్టి వంతు వచ్చిందమ్మా. మా మామ పోవాలె. మోకాళ్లు నొస్తున్నయని నన్ను తోలిండు. నేను పోనన్న. ఒక్కదాన్నే గా గడీకి పోనని కాళ్లు మొక్కిన. నువ్వు పోకుంటే నా ఈపు పలుగుతది, పో అన్నడు. దంచుడు అయినంక దొర తమ్ముడు తలుపేసిండు." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "ఇంటికొచ్చి అత్తకు చెప్పిన. ఇంకోసారి నోటి నుంచి గీ మాట రానియ్యకు అన్నది. ఇప్పుడు కడుపు కనవడ్డంక, నేనే ఏడనో చెడిపోయిన్నంటున్నరు. నాది నేను చెప్పుకుంటనమ్మా. మీరు జర చెప్పనిచ్చేటట్టు చూడుండ్రి."

"ఎందుకు చెప్పనియ్యరు?" అంది గోవిందమ్మ. "నిన్నడగకుంట తీర్పెట్ల చెప్తరు?"

ఆ మాట మారెమ్మ ధైర్యం కోసం అన్నది కాదు. నిజంగానే నమ్మింది.

మరునాడు పాటలు, ప్రసంగం అయ్యాయి. బావి దగ్గర స్త్రీ తన ఊరికి పోయి మగవాళ్లకూ ఆడవాళ్లకూ సాక్ష్యం చెప్పిందని తీతు చక్కగా చెప్పాడు. ఆ తర్వాత ఎల్లస్వామి లేచి భుజం మీద తువ్వాల సర్దుకున్నాడు. "నా కొడుకు పరాయి దేశంల మట్టి మోస్తుండు. నా కోడలు నా ఇంటి ఇజ్జత్ తీసింది. నేను సంగం పెద్దని, నా ఇంటికొక న్యాయం ఊరికొక న్యాయం ఉండొద్దు. ఈమెను సంగం నుంచి ఎలెయ్యుండ్రి" అన్నాడు. చాలామంది మగవాళ్లు తలలు ఊపారు. ఎంత నీతిపరుడో అని ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు.

ఆడవాళ్ల వైపు నుంచి మారెమ్మ లేచింది. "అయ్యగారూ, నాదొక్క మాట..."

"ఊకో!" అన్నాడు ఎల్లస్వామి. "మగోళ్లు కూసున్న సంగంల ఆడదాని మాటేంది? అయ్యగారూ, వాక్యమేం చెప్తదో చదువుండ్రి, అందరు ఇంటరు."

తీతు కాసేపు పుస్తకం వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తెరిచి, కొరింథీయులకు పౌలు రాసిన పత్రికలోని మాట చదివాడు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని, వాళ్లకు మాట్లాడటానికి సెలవు లేదని, ఏదైనా తెలుసుకోవాలంటే ఇంట్లో మొగుళ్లను అడగాలని. చదువుతున్నప్పుడు అతని గొంతు బావి దగ్గర స్త్రీ కథ చెప్పినప్పటిలా లేదు. పుస్తకం మూసి మారెమ్మ వైపు చూడకుండానే అన్నాడు: "నువ్వేం చెప్పనక్కర లేదు. అడిగినదానికి తల ఊపితే చాలు. కడుపుతోటి ఉన్నవా?"

మారెమ్మ తల ఊపింది.

"నీ మొగుడు ఊర్లె లేడు గద?"

ఊపింది.

"ఒప్పుకున్నది" అన్నాడు ఎల్లస్వామి.

అప్పుడు మారెమ్మ తల తిప్పి గోవిందమ్మ వైపు చూసింది. కోపంగా కాదు. ఏదో గుర్తు చేస్తున్నట్టు, నిన్న మీరే కదా అన్నారు అన్నట్టు. గోవిందమ్మ లేవాలనుకుంది. ఒక మోకాలు పైకి లేచింది కూడా. అంతలో గద్దె మీది నుంచి మొగుడి కళ్లు ఆమె మీద పడ్డాయి. ఆ కళ్లలో బెదిరింపు ఉంటే లేచేదేమో. బతిమాలుకోవడం ఉంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమెను కూర్చోబెట్టింది ఎప్పుడూ అదే. మోకాలు మళ్లీ నేలకు ఆనింది. ఆమె చాప ఈనెలు చూస్తూ కూర్చుంది. మారెమ్మ గుడి దాటి వెళ్లే అడుగుల చప్పుడు విన్నది. సాయంత్రానికి ఎల్లస్వామి పెళ్లాం జంగమ్మ కోడలి బట్టలు మూటగట్టి వాకిట్లో పెట్టింది. వాడ చివర ఒంటరిగా ఉండే ముసలి బిక్షమ్మ ఆ మూటనూ మనిషినీ తన గుడిసెకు తీసుకుపోయింది.

గుడి నుంచి వచ్చాక ఆ మధ్యాహ్నమే తీతుకు అన్నం పెట్టి గోవిందమ్మ ఎదురుగా కూర్చుంది. మామూలుగా అయితే గోడకు ఆనుకుని నిలబడుతుంది.

"వాక్యం మొత్తం చదవకపోతిరి" అంది.

"ఏం చదవలే?"

"గదే పత్రికల కొన్ని ఆకుల ముంగట ఏమున్నది? ఆడామె ప్రార్థన చేసినా, ప్రవచనం చెప్పినా తలమీద ముసుగుండాలె అన్నడు. ముసుగేసుకొని చెప్పుమన్నాయన, ముసుగేసుకొని నోరు మూసుకోమంటడా? గా కొరింథు ఊర్లె ఆడోళ్లు కూసున్న కాడికెంచి మొగోళ్లను అడుక్కుంట లొల్లి చేస్తున్నరేమో, గందుకు రాసిండేమో. మీద పడ్డ నిందకు జవాబు చెప్పొద్దని రాసిండా?"

తీతు ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"ఇంట్ల మొగుణ్ణి అడగాలె అని చదివిన్రు. మారెమ్మ మొగుడు బొంబాయిల ఉండె. ఎవరినడగాలె? ఎల్లస్వామినా?"

"ఊకోవే."

"మిషను నుంచి తెల్ల మిస్సమ్మ వచ్చినప్పుడు గద్దె ఎక్కి పొద్దెక్కే దాక చెప్తది. అప్పుడు గీ వాక్యం ఏడికి పోతది?"

"ఆమె మిస్సమ్మ. ఆమె సంగతి వేరు."

"ఆమె ఆడది గాదా?"

తీతు చెయ్యి ఆగింది. తలుపు వైపు చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని. "నాకు తెల్వదనుకున్నవా?" అన్నాడు తగ్గు గొంతుతో. "నీకన్న ముంగట నేను చదివిన గా పత్రిక. తెల్వక చదవలేదు. గుడి జాగ ఎవరిచ్చిన్రు? గడీ దొర ఇచ్చిండు. గామె నోరు తెరిస్తే గడీ పేరు వస్తది. గడీ పేరొస్తే గుడి ఉంటదా? నువ్వూ నేనూ ఏడుంటం? మా నాయిన ఈపు నువ్వు చూడలే గోవిందమ్మా. నేను చూసిన."

ఆమె గిన్నెలు తీసుకుని వాకిట్లోకి వచ్చి బూడిదతో తోముతూ కూర్చుంది. అతనికి తెలియదని అనుకున్నన్నాళ్లు ఆమెకు ఒక ఆసరా ఉండేది. తెలియనివాడికి ఎప్పుడో ఒకప్పుడు చెప్పవచ్చు, మెల్లగా, అన్నం పెట్టేటప్పుడో కాళ్లకు నూనె రాసేటప్పుడో. తెలిసి చదివినవాడికి ఏం చెప్పాలి? పోనీ చెడ్డవాడా అంటే కాదు. రెండో కడుపు పోయినప్పుడు వాడంతా నవ్వుతున్నా లెక్కచేయక, ఆమె పక్కన కూర్చుని జావ తాగించినవాడు. చెడ్డవాడయితే ఇంత బరువు ఉండేది కాదు. భయం అతనిది. ఆ భయం బయటపడకుండా, ఎలుకబొరియలో మట్టిలా మొదట మారెమ్మ మౌనం కుక్కారు, పైన వాక్యం పెట్టి అలికారు. అప్పుడది భయంలా కనబడదు, భక్తిలా కనబడుతుంది. ఆ అలికినవాళ్లలో తానూ ఉంది. ఈ మాట మనసులోకి రాగానే గిన్నె పక్కన పెట్టి ఆమె చాలాసేపు చేతులు కడుక్కుంది.

తర్వాత నెలలు ఎప్పటిలాగే గడిచాయి. గోవిందమ్మ పల్లెలకు పోతూనే ఉంది, అరుగుల మీద పాటలు చెబుతూనే ఉంది. పొద్దున నీళ్లకు పోయేటప్పుడు బిక్షమ్మ గుడిసెలో ఒక గిన్నె జొన్న గట్క పెట్టి వచ్చేది. మారెమ్మ తినేది గానీ మాట్లాడేది కాదు. మొదటిరోజు గోవిందమ్మ "నన్ను క్షమించు బిడ్డా" అంటే, మారెమ్మ తల ఊపింది. ఆ తల ఊపడం చూసి గోవిందమ్మ అక్కడ నిలవలేకపోయింది. ఆ రోజుల్లోనే పక్క ఊళ్లోకి సంగం వచ్చిందని చెప్పుకున్నారు. గుడి సంఘం కాదు, వెట్టి చెయ్యొద్దనే సంగం. అక్కడ గుర్వమ్మ అనే చాకలామె బండి మీద నిలబడి, గడీలో తనను ఏమేమి చేయించారో ఊరందరి ముందు చెప్పిందట. వేలిముద్ర తప్ప ఏమీ తెలియని మనిషి. మగవాళ్లు నేలమీద కూర్చుని విన్నారట. "గా సంగం మాట ఈ ఇంట్ల తియ్యకు" అన్నాడు తీతు. ఆమె తియ్యలేదు. కానీ రెంటికీ పేరు ఒక్కటే ఎందుకయిందా అని చాలా రోజులు ఆలోచించింది.

వానలు ముదిరాక మారెమ్మకు ఆడపిల్ల పుట్టింది. గోవిందమ్మే పురుడు పోసింది. పిల్ల ఏడుపు మొదటి నుంచీ సన్నగానే ఉంది. పాలు పట్టలేదు. బారసాల లోపే ఒక తెల్లవారుజామున బిక్షమ్మ వచ్చి, "పోయిందమ్మా" అంది.

వాడకు సమాధుల జాగా ఉంది. వెలిలో ఉన్నదాని బిడ్డను అక్కడ పెట్టనిచ్చేది లేదని ఎల్లస్వామి కబురు పంపాడు. చచ్చిన పిల్ల తన ఇంటి పేరు మోస్తుందని కూడా ఒప్పుకోనన్నాడు. గోవిందమ్మ ఇంటికి వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"వాగొడ్డుకు పెడ్తం. మీరొచ్చి ప్రార్థన చెయ్యుండ్రి."

"నేను రాలేను."

"రావద్దన్నరా, రానంటున్నరా?"

తీతు గోడకున్న మేకు మీద చూపు పెట్టి కూర్చున్నాడు. ఆమె ఒక నిమిషం ఆగింది. ఆ నిమిషంలో అతను లేస్తే చాలునని, ఒక్క అడుగు వేస్తే చాలునని, మిగతా దారంతా తానే మోసుకుపోతానని అనుకుంది. అతను లేవలేదు. ఆమె తన బైబిలు కొంగులో చుట్టుకుని తుంపరలోకి దిగింది.

వాగొడ్డున తంగేడు పొదల పక్కన బిక్షమ్మ అప్పటికే గడ్డపారతో బొంద తవ్వుతోంది. పాత చీరముక్కలో చుట్టిన పిల్లను ఒళ్లో పెట్టుకుని మారెమ్మ తడుస్తూ కూర్చుంది. గోవిందమ్మ గడ్డపార అందుకుంది. కలుపుకు పోతున్న ఆడవాళ్లు గట్టుమీద ఆగారు. మొదట పుల్లమ్మ దిగివచ్చింది, తర్వాత నర్సింగమ్మ, ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. కాస్త దూరంగా, రావాలా వద్దా అన్నట్టు, జంగమ్మ కూడా వచ్చి నిలబడింది.

గోవిందమ్మ పుస్తకం తెరిచింది. ఎన్నో బొందల దగ్గర ఆడవాళ్లతో కలిసి వెనక నిలబడి విన్న మాటలే. నోటికి వచ్చిన మాటలే. మన్ను మన్నులో కలుస్తుందని చదివింది. చిన్నబిడ్డలను నా దగ్గరికి రానివ్వండి అన్న ప్రభువు మాట చెప్పి ప్రార్థన చేసింది. ఆడవాళ్లు ఆమేన్ అన్నారు. అక్కడితో అయిపోవాలి. కానీ ఆమె పుస్తకం మూసి మారెమ్మ వైపు తిరిగింది.

"ఆనాడు నిన్ను మాట్లాడనియ్యలే బిడ్డా. నేను సుత నోరు తెరవలే. ఇప్పుడు చెప్పు. మేమందరం ఇంటున్నం."

మారెమ్మ చెప్పింది. శనివారం గడప దగ్గర చెప్పినట్టే, నేల చూస్తూ, గొంతు పెంచకుండా చెప్పింది. ఎవరు పంపారో, ఎవరు తలుపు వేశారో, ఇంటికి వచ్చి ఎవరికి చెప్పుకుందో. జంగమ్మ నిలబడ్డచోటే కూలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మారెమ్మ మాట అయిపోయాక నర్సింగమ్మ, ముగ్గురు పిల్లల తల్లి, చేతిలో కొడవలి తిప్పుకుంటూ, "నన్ను సుత తోలిన్రు" అంది. ఎప్పుడని ఎవరూ అడగలేదు. ఆమె వైపు చూడటానికి కూడా ఎవరికీ మొహం చెల్లలేదు. బిక్షమ్మ పిల్లను అందుకుని బొందలో దించింది.

పొద్దు గూకేలోపే ఆ సంగతి వాడంతా పాకింది. ఎల్లస్వామి ఇంటి ముందు మగవాళ్లు గుమిగూడారు. శుక్రవారం తీతు అక్కడి నుంచి వచ్చి తువ్వాల పక్కన పెట్టి గోవిందమ్మను కూర్చోమన్నాడు. అతను కూర్చోమనడం వింతగా తోచి ఆమె కూర్చుంది.

"ఆడది బొంద కాడ వాక్యం చదివి సంగాన్ని బద్నాం చేసిందంటున్నరు. ఆదివారం గుడిల నిలవడి తప్పయిందని చెప్పాలెనట. లేకుంటే మిషనుకు కబురు పోతది. ఇల్లు ఖాళీ చెయ్యాలె."

"నిలవడితే చాలా? చెప్పాలెనా?"

"చెప్పాలె. నీ నోటితోటి. ఆడోళ్లందరు ఇనాలెనట. లేకుంటే ఈ చెడ్డ బుద్ధి అందరికి అంటుకుంటదని పెద్దోళ్ల ఫికర్." తువ్వాల మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "చిన్న మాట గోవిందమ్మా. తప్పయిందని ఒక్క మాట. నాకోసం అను."

ఆమె మొగుడి మొహం చూసింది. ఈ నాలుగు రోజుల్లో ముసలివాడయిపోయినట్టున్నాడు. ఆ మొహం మీద జాలి కలిగింది. ఆ జాలి ఇదివరకులా తనను కూర్చోబెట్టడం లేదని కూడా ఆమెకు తెలిసింది. ఆడది మాట్లాడవద్దని వాక్యం చదివిన గుడిలోనే, తప్పు ఒప్పుకోవడానికయితే ఆడది మాట్లాడవచ్చు. మాట్లాడవచ్చు కాదు, మాట్లాడి తీరాలి. వద్దంటే ఇల్లు పోతుంది. ఆమెకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. గుడి ఏమవుతుందో, ఈ ఇల్లు ఏమవుతుందో, మళ్లీ ఏ ఊరి దారి పట్టాలో, ఈ మనిషి తనతో వస్తాడో రాడో అన్నీ ఒక్కొక్కటిగా ఆలోచించింది. ఏదీ బాగుండేటట్టు కనబడలేదు.

"సరే, చెప్త" అంది.

అంత తొందరగా ఒప్పుకుంటుందని అనుకోలేదేమో, తీతు ఆమె కళ్లలోకి చూశాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు.

ఆదివారం గుడి నిండింది. పక్క పల్లెల ఆడవాళ్లు కూడా వచ్చి గోడవారగా నిలబడ్డారు. నర్సింగమ్మ పిల్లను చంకనెత్తుకుని వచ్చింది. జంగమ్మ తలుపు దగ్గర కూర్చుంది. లోపలికి రానివ్వని మారెమ్మ కిటికీ బయట బిక్షమ్మ పక్కన నిలబడింది. పాటలు అయ్యాక తీతు ప్రసంగం చెప్పలేదు, తలవంచుకుని కూర్చున్నాడు. ఎల్లస్వామి లేచి గోవిందమ్మను పిలిచాడు. ఆమె తలమీద ముసుగు సర్దుకుని లేచింది. ఆడవాళ్ల గుసగుసలు ఆగిపోయాయి.

"గట్టిగ చెప్పు" అన్నాడు ఎల్లస్వామి. "ఎనక ఉన్న ఆడోళ్లకు సుత ఇనవడాలె."

"గందుకే లేచిన" అంది గోవిందమ్మ.